మూగనోటి పక్షాన ఎంపిక: అశ్వదంత సంరక్షణలో యజమాని హక్కు – ఒక నైతిక విచారణ

వ్యాస సంగ్రహం

పశువైద్య పట్టా లేని నిపుణునిచేత తన గుర్రానికి దంత సంరక్షణ చేయించుకునే హక్కు యజమానికి ఉన్నదా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ హక్కును ఆస్తిహక్కుగానో, వ్యక్తిస్వేచ్ఛగానో సమర్థించడం కుదరదనీ, మూగజీవి పట్ల ఉన్న బాధ్యత నుండే అది పుడుతుందనీ ప్రతిపాదిస్తుంది. యజమాని ఎంపికకు ఏ హద్దు వర్తిస్తుందో, ఆ ఎంపికను నిషేధించే రాజ్యానికీ అదే హద్దు వర్తిస్తుందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: అశ్వవైద్యం, సాలోత్రి, దామగ్రంథి, ధర్మకర్తృత్వం, పశువైద్య చట్టం, కోట

1. ఉపోద్ఘాతం

నెల్లూరు సీమ తీరంలోని కోట ప్రాంతంలో నేడు గుర్రాలు అరుదు. గేదెలు, ఆవులు, నెల్లూరు జాతి గొర్రెలు అక్కడి పశుసంపద. అయినా అశ్వ సంరక్షణను గూర్చిన ప్రశ్న ఆ తీరానికి కొత్తది కాదు. పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ ‘మాబర్’ దేశపు ఎల్లలను చెబుతూ, అది కొల్లం మొదలు ‘నీలావర్’, అనగా నెల్లూరు, వరకు తీరం వెంబడి వ్యాపించిందని రాశాడు. కోట ఆ ఎల్లల లోపలిదే. 13వ శతాబ్ది చివరి కాలపు యాత్రికుడు మార్కో పోలో ఆ మాబర్‌ను గురించే ఒక విచిత్రమైన సంగతి చెప్పాడు. సముద్రం మీదుగా అక్కడ ఏటేటా గుర్రాలు దిగుతాయి. ఏడాది తిరిగేసరికి వాటిలో బతికేవి బహు కొద్ది. అక్కడివారికి గుర్రాన్ని సాకడం తెలియదు. తెలిసిన పనివారిని గుర్రాల వర్తకులు తమ వెంట తీసుకురారు, ఇతరులను రానివ్వరు. గుర్రాలు చస్తేనే కదా మళ్ళీ బేరం!

యాత్రికుని మాటలో అతిశయోక్తి ఉంటే ఉండవచ్చు. కాని అందులోని నైతిక చిత్రం స్పష్టం. ఒక జీవిని కాపాడే నేర్పు ఒకరి గుప్పిట్లో ఉన్నప్పుడు, ఆ గుప్పిలి మూసుకుంటే నష్టపోయేది మొదట ఆ జీవి. గుర్రపు దంత సంరక్షణపై నేటి వివాదాన్ని ఈ దృష్టితో చూడవలసి ఉంటుంది.

2. సమస్య స్వరూపం

మనిషి పన్ను ఒకసారి ఎదిగి ఆగిపోతుంది. గుర్రపు దవడపన్ను అలా ఆగదు. మేత నమిలి అరిగినకొద్దీ అది చిగురులోనుండి ఏడాదికి సుమారు 2 నుండి 3 మిల్లీమీటర్ల చొప్పున పైకి వస్తూనే ఉంటుంది. గుర్రపు పైదవడ కింది దవడకన్న వెడల్పు. అందువల్ల పళ్ళు అంతటా సమంగా అరగవు. పైపళ్ళ బయటి అంచులు, కిందిపళ్ళ లోపలి అంచులు వాడిగా తేలి బుగ్గలనూ నాలుకనూ కోస్తాయి. అప్పుడు గుర్రం సగం నమిలిన మేతను ఉండలుగా జారవిడుస్తుంది, కళ్ళెం పట్టగానే తల విదిలిస్తుంది, చిక్కిపోతుంది. ఆ వాడి అంచులను ఆకురాయితో అరగదీయడమే అశ్వదంత సంరక్షణలో ప్రధానమైన పని.

ఈ పని చూడడానికి కమ్మరి పనిలా ఉంటుంది. ఫలితం మాత్రం వైద్యానిది. అవసరానికి మించి కొన్ని మిల్లీమీటర్లు అరగదీస్తే ఆ నష్టం పూడడానికి ఏడాదో, అంతకుమించో పడుతుంది. వదులుగా లేని పన్నును పెరికినా, మోతాదు తెలియకుండా మత్తుమందు ఇచ్చినా ముప్పు ఇంకా పెద్దది. ఇక్కడే రెండు పక్షాలు ఏర్పడతాయి. ఇది శరీరంపై చేసే చికిత్స కనుక పట్టభద్రుడైన పశువైద్యుడే చేయాలన్నది ఒక పక్షం. తరతరాలుగా చేతిపనిగా నేర్చినవారు ఉండగా, వారిని పిలుచుకునే హక్కు యజమానిదన్నది రెండవ పక్షం.

3. విరాటుని కొలువులో దామగ్రంథి

నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్న తిక్కన సోమయాజి తెలుగు మహాభారతాన్ని విరాటపర్వంతో ఆరంభించాడు. ఆ పర్వంలో నకులుడు దామగ్రంథి అన్న మారుపేరుతో విరాటుని అశ్వశాలలో చేరతాడు. ఈ సన్నివేశాన్ని అజ్ఞాతవాస కథలో ఒక అంగంగానే చదవడం పరిపాటి. ప్రస్తుత సమస్య దృష్ట్యా అది మరొక అర్థాన్ని ఇస్తుంది. వచ్చినవాడు అపరిచితుడు. ధర్మరాజు కొలువులో పనిచేశానన్న అతని మాట తప్ప వేరే ఆధారం లేదు. గుర్రాల స్వభావం, శిక్షణ, పొగరుబోతు గుర్రాలను దారికి తేవడం, చికిత్స తనకు తెలుసునని చెప్పుకుంటాడు. గుర్రాలను అతడు పరికించే తీరును చూసి రాజు నమ్ముతాడు. అంటే యజమాని పట్టాను చూడలేదు, పనితనపు జాడను చూశాడు.

యజమాని ఎంపికను సమర్థించేవారికి ఇంతకన్న గొప్ప ఉదాహరణ దొరకదు. కాని కథ అక్కడితో ఆగదు. వచ్చినవాడు నిజంగా నకులుడు కావడం విరాటుని అదృష్టం. అంతే ధీమాగా మాట్లాడగల మోసగాడు వచ్చి ఉంటే రాజు తేడా పట్టగలిగేవాడా? పైగా అతని పేరు మారుపేరు, ఊరు తెలియదు. గుర్రానికి కీడు జరిగితే ఎవరిని అడగాలి? విద్య ఉండి చిరునామా లేకపోవడం ఒక లోపం. పట్టా ఉండి అభ్యాసం లేకపోవడం మరొక లోపం. అసలు వివాదం ఈ రెండు లోపాల మధ్య ఉంది.

విద్యకూ, జవాబుదారీతనానికీ ఉన్న ఈ ఎడాన్ని ప్రాచీనులు గుర్తించకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రం అశ్వాధ్యక్ష ప్రకరణంలో అశ్వచికిత్సకులకు శిక్షలు విధిస్తుంది. చికిత్సలోగాని మందులోగాని అలక్ష్యంవల్ల రోగం ముదిరితే చికిత్సకయ్యే ఖర్చుకు రెట్టింపు జరిమానా. వారి తప్పువల్ల గుర్రం పోతే దాని వెల మొత్తం జరిమానా. ఇదే నియమం గోవులు, గాడిదలు, ఒంటెలు, గేదెలు, మేకలు, గొర్రెలకూ వర్తిస్తుందని ఆ గ్రంథం చెబుతుంది. ఈ నియమంలో బరువంతా వైద్యుని అర్హత మీద కాక ఫలితానికి అతడు బాధ్యుడు కావడం మీద పడింది.

తెలుగులో మనుమంచిభట్టు ‘హయలక్షణ విలాసము’ వంటి పద్యగ్రంథం వెలువడడాన్ని బట్టి అశ్వవిద్య సంస్కృత పండితులకే పరిమితం కాలేదని తెలుస్తుంది. శాలిహోత్రుని పేరునుండి పుట్టిన ‘సాలోత్రి’ అన్న మాట గుర్రాలకు వైద్యం చేసే పనివానికి వాడుకగా ఆంగ్లేయుల కాలందాకా నిలిచింది. గ్రంథానికీ చేతిపనికీ మధ్య అడ్డుగోడ లేని కాలపు గుర్తు ఆ మాట.

4. చట్టం చెప్పేది

భారత పశువైద్య మండలి చట్టం, 1984, 30వ విభాగం ప్రకారం నమోదైన పశువైద్యుడు తప్ప ఇతరులు పశువైద్యవృత్తి చేయరాదు. అయితే చట్టం తలుపును పూర్తిగా మూయలేదు. నిర్ణీత శిక్షణ పొంది ధ్రువపత్రం ఉన్న సహాయకులు పశువైద్యుని పర్యవేక్షణలో ‘చిన్నతరహా సేవలు’ చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతించవచ్చు. టీకాలు వేయడం, విత్తులు కొట్టడం, గాయాలకు కట్టుకట్టడం అందుకు ఉదాహరణలుగా చట్టంలోనే ఉన్నాయి. మరికొన్నింటిని ప్రభుత్వం ప్రకటన ద్వారా చేర్చవచ్చు. చట్టం ఉదహరించిన ఆ మూడింటిలో దంతాలను అరగదీయడం లేదు.

ఇక్కడ ఒక విశేషం గమనార్హం. విత్తులు కొట్టడం పళ్ళను అరగదీయడంకన్న తేలికైన పని కాదు. అయినా దానిని పట్టభద్రులకే పరిమితం చేయలేదు. కనుక పని బరువొక్కటే చట్టానికి కొలమానం కాదు. శిక్షణ, పర్యవేక్షణ అనే రెండూ ఉంటే పట్టా లేని చేతినీ చట్టం అంగీకరిస్తున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోపాలమిత్రలు రైతు వాకిటికే వచ్చి పశువులకు కృత్రిమ గర్భధారణ చేయడం పల్లెలకు పరిచితమైన విషయం. చదువుకన్న చేరువకు విలువనిచ్చిన ఏర్పాటు అది.

5. హక్కుకు మూలమేది?

యజమాని హక్కును మూడు విధాలుగా సమర్థించవచ్చు. మొదటిది ఆస్తివాదం: గుర్రం నాది, కనుక ఎవరిచేత ఏమి చేయించాలో నా ఇష్టం. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960 ఈ వాదాన్ని ఏనాడో తోసిపుచ్చింది. ఆ చట్టం 3వ విభాగం ప్రకారం జంతువును తన అధీనంలో ఉంచుకున్న ప్రతివ్యక్తికీ దాని క్షేమాన్ని చూసే, దానికి అనవసరమైన బాధ కలగకుండా నివారించే విధి ఉంది. బండిచక్రాన్ని ఎవరిచేతనైనా బాగుచేయించవచ్చు. బండి లాగే గుర్రం విషయంలో అలా అనలేము.

రెండవది స్వేచ్ఛావాదం. జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, పరులకు హాని లేనంతవరకు వ్యక్తి స్వేచ్ఛలో రాజ్యం జోక్యం చేసుకోరాదు. తన పంటిని నాటువైద్యునికి చూపించుకునే మనిషికి ఈ సూత్రం వర్తించవచ్చు. ఆ నొప్పి అతనిదే, నిర్ణయమూ అతనిదే. గుర్రం విషయంలో నిర్ణయం ఒకరిది, నొప్పి మరొకరిది. వేటాడే మృగాలకు లొంగకుండా బతికిన జాతి కావడంతో గుర్రం నొప్పిని బయటపెట్టకుండా దాచుకునే స్వభావం కలది. అది చెప్పదు, చెప్పినా అర్థం కాదు. కాబట్టి ఈ వాదమూ నిలవదు.

మూడవది ధర్మకర్తృత్వ వాదం. దేవాలయ ఆస్తిని ధర్మకర్త నిర్వహిస్తాడు. దేవుడు తన పక్షాన తాను మాట్లాడలేని మైనరువంటివాడని మన న్యాయస్థానాలు భావిస్తాయి. ధర్మకర్తకు నిర్ణయాధికారం ఉంటుంది. కాని అది తన లాభం కోసం కాదు, మాట్లాడలేనివాని మేలు కోసం. గుర్రం యజమాని స్థానం సరిగ్గా ఇదే. 2014 మే 7న నాగరాజ కేసు తీర్పులో సుప్రీంకోర్టు జంతువుల క్షేమాన్ని ప్రస్తావిస్తూ, వాటి పట్ల రాజ్యానికీ న్యాయస్థానానికీ సంరక్షకుని పాత్ర ఉన్నదని చెప్పింది. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం జంతువులకు ప్రాథమిక హక్కులు ఉన్నాయనడానికి అంగీకరించలేదు. ఈ రెండు తీర్పులను కలిపి చదివితే, జంతువు హక్కు మీదకన్న మనిషి విధి మీదనే ఈ చర్చను నిలబెట్టడం యుక్తమనిపిస్తుంది. ఆ విధిని నెరవేర్చడానికి సాధనం కావాలి. ఆ సాధనాన్ని ఎంచుకునే అధికారమే యజమాని ‘హక్కు’. విధి నుండి పుట్టిన ఈ హక్కు విధిని దాటి పోలేదు.

6. నిషేధానికీ ఉన్న బాధ్యత

ఈ వాదం యజమానిని మాత్రమే కట్టివేస్తుందనుకుంటే పొరపాటు. రాజ్యం నిషేధించేదీ ఆ జీవి క్షేమం పేరనే. నిషేధం వల్ల ఆ జీవికి ఏ చేయీ అందకపోతే నిషేధానికి ఆధారమే పోతుంది.

కోటవంటి ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకుంటే ఇది స్పష్టమవుతుంది. అర్ధరాత్రి గేదె ఈనలేక అవస్థపడుతుంటే రైతు ఎదుట ఉండే ప్రశ్న ‘పట్టభద్రుడా, కాదా’ అన్నది కాదు. ‘ఎవరు ముందు రాగలరు’ అన్నది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 1962 నంబరుతో సంచార పశు అంబులెన్సులు ప్రారంభం కావడం, ఈ ప్రశ్నను ప్రభుత్వం కూడా గుర్తించిందనడానికి నిదర్శనం. ఇక గుర్రం సంగతి మరీ కష్టం. గేదెలూ గొర్రెలూ ఉన్నచోట పశువైద్యుని చేతికి వాటి చికిత్సలోనే అభ్యాసం కుదురుతుంది. ఏడాదికి ఒక గుర్రపు నోరైనా తెరిచి చూసే అవకాశం రాకపోతే, అది అతని తప్పు కాదు. కాని ఆ పనిలో అతని పట్టా ఒక్కటే నేర్పుకు హామీ కూడా కాదు. పెండ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పి బతికే యజమాని దూరపు నగరం నుండి నిపుణుణ్ణి రప్పించుకోలేడు. అతనికి నిషేధం మిగిల్చేది మంచి వైద్యానికీ నాటువైద్యానికీ మధ్య ఎంపిక కాదు, నాటువైద్యానికీ నిర్లక్ష్యానికీ మధ్య ఎంపిక. మార్కో పోలో చెప్పిన వర్తకులు స్వార్థంతో పనివారిని ఆపారు. నేటి చట్టం సదుద్దేశంతో ఆపుతుంది. గుర్రపు బుగ్గలో పుండుకు మాత్రం ఆ తేడా తెలియదు.

అయితే కొరత ప్రతి చేతినీ సమర్థించదు. కొరతను సాకుగా చూపి, దొరికే పశువైద్యుణ్ణి కాదని, చవక కోసం మత్తుమందు వాడే అనధికారిని పిలిచే యజమాని ధర్మకర్త కాడు. తన ఖర్చును గుర్రపు నొప్పితో చెల్లిస్తున్నవాడు.

7. హద్దు ఎక్కడ?

ఈ చిక్కును ఇతర దేశాలు ఎలా విప్పాయో చూడవచ్చు. బ్రిటన్‌లో 1966 పశువైద్యుల చట్టం ఉన్నా, గుర్రపు దంతాల పనులను మూడు వర్గాలుగా విడదీశారు. చేతి ఆకురాయితో వాడి అంచులను అరగదీయడం వంటివి మొదటి వర్గం. పశువైద్యుడు కానివారూ చేయవచ్చు. రెండవ వర్గానికి గుర్తింపు పొందిన శిక్షణ, పరీక్ష అవసరం. మూడవ వర్గం పశువైద్యునిదే. మత్తుమందు ఇవ్వడమూ అతని పనే. అమెరికాలోని టెక్సస్‌లో 2007లో రాష్ట్ర పశువైద్య మండలి దంత పనివారిని ఆపాలని పూనుకోగా, వారూ గుర్రాల యజమానులూ న్యాయస్థానానికి వెళ్ళారు. మండలి నియమాలు మార్చిన పద్ధతి సరికాదని 2010లో తీర్పు వెలువడింది. 2011లో శాసనసభ ఆ పనివారికి లైసెన్సు ఏర్పాటు చేసి, పశువైద్యుని పర్యవేక్షణ కిందికి తెచ్చింది.

ఈ రెండు పరిష్కారాలలో సమానాంశం ఒకటుంది. ‘ఎవరు’ అన్న ప్రశ్నకు ముందు ‘ఏ పని’ అన్న ప్రశ్న వేశారు. తప్పు జరిగితే సరిదిద్దగల పని వేరు, సరిదిద్దలేని పని వేరు. మొదటిదానిలో యజమాని ఎంపికకు చోటుండాలి, రెండవదానిలో ఉండరాదు. మొదటిదానిలోనూ పనివాని పేరు, ఊరు, శిక్షణ తెలిసి ఉండాలి. భారత చట్టంలోని చిన్నతరహా సేవల నిబంధనలో ఇందుకు అవకాశం ఇప్పటికే ఉంది. చేతి ఆకురాయి పనిని శిక్షణ, పర్యవేక్షణలతో అందులో చేర్చడానికి కొత్త చట్టం అవసరం లేదు, ప్రభుత్వ ప్రకటన చాలు.

8. ముగింపు

గుర్రపు దంతాలను ఎవరు చూడాలన్న వివాదంలో వైద్యవృత్తి తన అర్హతను, యజమాని తన స్వేచ్ఛను ముందుకు తెస్తారు. రెండింటిలోనూ గుర్రం వెనకబడుతుంది. యజమానికి ఎంపిక హక్కు ఉంది. అది గుర్రం పక్షాన చేసే ఎంపిక అయినంతవరకే. రాజ్యానికి నిషేధించే అధికారం ఉంది. నిషేధించిన చేతికి బదులు మరొక చేతిని అందించగలిగినంతవరకే. విరాటుడు దామగ్రంథిని నమ్మడం తప్పు కాదు. అతని అసలు పేరు అడగకపోవడమే లోపం. నేటి యజమాని ఆ పేరు అడగాలి. పనివాడు నిర్భయంగా తన పేరు చెప్పగల స్థితిని రాజ్యం కల్పించాలి.