పెద్దకూర తింటారా?

మా జహీరాబాద్ నుంచి బొంబాయి రోడ్డు పట్టుకొని పోతే హుమ్నాబాద్ దాటాక బసవకల్యాణ్. 12వ శతాబ్దంలో బసవన్న కులాన్ని ధిక్కరించిన ఊరు. పెద్దకూరతో వండే కల్యాణీ బిర్యానీకి ఆ ఊరి పేరే. అక్కడి నవాబుల దేవిడీ నుంచి హైదరాబాద్ గల్లీల్లోకి దిగిందంటారు. మటన్ కొనలేని మా ఇళ్లల్లో దావతంటే అదే. అందులో బర్రె ఇక్కడిదే. టమాటా, మిరపకాయ మాత్రం అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చినవి. వాటినెవరూ 'మీదే దేశం?' అని అడగరు. తినే మమ్మల్నే అడుగుతారు.

చైనాలో హుయీ ముస్లింల గొడ్డుమాంసం నూడుల్స్ చారుకూ లాంజౌ పట్నం పేరే. అందులో ఎర్రగా తేలేదీ ఆ ఓడ మిరపకాయే.

ఊరు వంటకు పేరిస్తే, వండినవాళ్లకు చోటిచ్చినట్టేనా? కిరాయి ఇంటికి పోతే మొదటి ప్రశ్న: 'పెద్దకూర తింటారా?' లేదంటే ఇల్లు దొరుకుతుంది. పక్కనే నిలబడి వింటున్న పిల్లలకు ఆ 'లేదు'ను మేం ఏమని చెప్పాలి?