జాతి యనగా నేమి?

కరీంనగరము, వరంగల్లు ప్రాంతములనుండి పద్మశాలి కుటుంబములు బ్రదుకుతెరువు వెదకికొనుచు సూరతు నగరమునకు పోయి స్థిరపడుట చిరకాలముగా జరుగుచున్నది. లింబాయత్ మొదలగు పేటలలో నేడును తెలుగు వినవచ్చును. నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బడులతోపాటు తెలుగు బడులను గూడ నడపుచున్నది. చేమగ్గము విడిచి మరమగ్గము పట్టిన ఈ నేతగానికి అచ్చట ఎదురగు చిక్కులలో నొకటి పైకి హాస్యముగా దోచును: ఇంటినుండి తెచ్చుకొనిన సంస్కృతపదములు అచ్చట వేరర్థమును చెప్పును.

తెలుగున జాతి యనగా ఆంధ్రజాతి, భారతజాతి. పతాకము జాతీయ పతాకము. గుజరాతీలో ఆ పతాకము రాష్ట్రధ్వజము. జాతి యన్నచో కులము స్ఫురించును. వ్యాకరణములోనైతే పుంస్త్రీనపుంసక భేదమునకే జాతి యని పేరు! తెలుగువాడు కులమనుదానిని గుజరాతీయుడు జ్ఞాతి యనును. తెలుగునాట జ్ఞాతి యనగా దాయాది, గట్టుతగవు వచ్చినపుడు తప్ప తరచుగా తలపునకు రానివాడు. రాష్ట్రమనగా తెలుగువానికి దేశములో నొక భాగము, గుజరాతీయునకు దేశమే. 1907 డిసెంబరులో సూరతునందే రెండుగా చీలిన మహాసభ తెలుగున 'జాతీయ' కాంగ్రెసు, గుజరాతీలో 'రాష్ట్రీయ' కాంగ్రెసు.

పాశ్చాత్యులకును ఈ చిక్కు తప్పలేదు. 'ఎథ్నోస్' అను గ్రీకుపదమునకు జనసమూహమని అర్థము; గ్రీకు బైబిలులో దాని బహువచనము పరజనులకు వాడబడెను. ఇంగ్లీషున 'ఎథ్నిక్' అనగా చాలకాలము అన్యమతస్థుడే. 1950లో యునెస్కో వెలువరించిన ప్రకటన 'రేస్' అను మాటను విడిచి దీనిని వాడుట మేలని సూచించినది. పాతమాటకు అంటిన నెత్తురు కడుగుటకై మరియొక మాటను తెచ్చుట యన్నమాట. మాట మారినంతనే చూపు మారునా?

భారతీయ దార్శనికులు ఈ ప్రశ్నను లోతుగా విచారించిరి. న్యాయవైశేషికుల మతమున జాతి నిత్యము. అనేక వ్యక్తులయందు సమవేతమైయుండు నొకే ధర్మము. గోవులన్నింటియందు గోత్వము అట్టిది. బౌద్ధులు దీని నంగీకరింపలేదు. గోవు కానిదానిని తొలగించుటయే గోశబ్దమునకు అర్థమనిరి. దీనికే అపోహవాదమని పేరు. నేతగాని యనుభవము మొదట బౌద్ధులవైపే సాక్ష్యము చెప్పును. కరీంనగరమున వానిని తెలుగువాడని పిలుచువా రెవరు? అచ్చట అతడు పద్మశాలి. సూరతులో రైలు దిగినపిదపనే అతడు 'తెలుగు' అయ్యెను. కోపము వచ్చినవారికి 'పరప్రాంతీయు'డయ్యెను. గుజరాతీ కానివాడను వ్యావృత్తియే వానికి పేరైనది.

అయితే నైయాయికులను అంత త్వరగా విడువరాదు. ప్రతి సామాన్యధర్మమును జాతి యనుటకు వారొప్పుకొనలేదు. పదవ శతాబ్దివాడగు ఉదయనాచార్యుడు కిరణావళిలో ఆరు జాతిబాధకములను చెప్పెను. వానిలో సంకర మొకటి. రెండు ధర్మములు కొన్నిచోట్ల కలిసియు, కొన్నిచోట్ల విడివిడిగాను ఉండి, ఒకటి రెండవదానిలో ఇమడనిచో, అవి జాతులు కాజాలవు. భూతత్వము ఆకాశమున కలదు, మనస్సున లేదు. మూర్తత్వము మనస్సున కలదు, ఆకాశమున లేదు. పృథివియందు రెండును కలవు. కావున అవి ఉపాధులు మాత్రమే. నవ్యులలో కొందరు ఈ నియమమును త్రోసిపుచ్చిరనుట నిజమే; కాని దానిని మగ్గముచెంతకు తెచ్చి చూడదగును. నేతగాండ్రు కాని తెలుగువారు కలరు, తెలుగువారు కాని నేతగాండ్రు కలరు, రెండును అయినవారు కలరు. ప్రాంతము, మతము, వృత్తి, భాష అన్నియు ఇట్లే అల్లుకొనియున్నవి. తర్కము ప్రకార మివి జాతులు కావు. సంఘమున 'సంకరము' నిందావాచకము. తర్కమున నదే, జాతి యని తలచినది జాతి కాదని తేల్చు సాధనము. బ్రాహ్మణత్వము జాతియేయని పట్టుబట్టిన మీమాంసకులు ఈ సందు మూయుటకు పడిన శ్రమ సామాన్యమైనది కాదు.

ఉపాధి యన్నంతమాత్రమున అసత్యమని అర్థము కాదు. స్ఫటికమున కనబడు ఎరుపు స్ఫటికమునది కాదు. కాని చెంతనున్న మందారము నిజమైనదే. సూరతులో బిడ్డను తెలుగు బడికి పంపుటయా, గుజరాతీ బడికి పంపుటయా యని తల్లి పడు సంకటము ఇచ్చటిదే. తెలుగుతనము గోత్వమువలె నిత్యమైనచో, అది ఎచ్చటికిని పోదు, ఆమెకు దిగులుండదు. వట్టి పేరే యైనచో, పోగొట్టుకొనుటకు ఏమియు లేదు, అప్పుడును దిగులుండదు. దిగులున్నది. అనగా, ఆమె చేతిలోనిది సత్యమైనదే, కాని నిలుపుకొననిచో నిలువనిది. పద్మశాలియా, తెలుగువాడా యని నిలువదీయు పరులకు ఆ సంగతి పట్టదు. వారికి కావలసినది పట్టికలో గడి నింపుట.

సూరతున జన్మించిన కవి నర్మదుడు (1833–1886) ఒంటిచేత్తో గుజరాతీకి నిఘంటువు కూర్చెను, అది నర్మకోశము. మాటల అర్థములను జీవితమంతయు తూచిన ఆ మనిషి, గుజరాతు ఎవరెవరిదని ఒక గీతమున ప్రశ్నించెను. గుజరాతీ పలుకువారిదని మొదలిడి, అంతటితో ఆగక, పరదేశమునుండి వచ్చినను ఆ నేల పెంచినవారిని, పరధర్మము పాటించినను ఆ తల్లి మేలు కోరువారిని గూడ తనవారిలో చేర్చెను. పుట్టుక నర్థముగా గల జన్ ధాతువునుండి వచ్చినది జాతి శబ్దము. నర్మదుడు మాత్రము పుట్టుకతోపాటు పెంపకమును గూడ లెక్కకు తెచ్చెను.