గంప క్రింది కుక్కపిల్ల

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 9:26-28, లూకా 15:25-32



ఈ నెల ధ్యానము మా యింటి పంచలో మొదలగుచున్నది. సంఘపత్రికలో కుక్కల సంగతి ఏల అని కొందరు నవ్వుదురేమో. నిజమే, పరిశుద్ధ గ్రంథములో కుక్కకు మంచి పేరు తక్కువ. గొల్యాతు తన్ను కుక్కతో పోల్చిరని మండిపడెను; లాజరు కురుపులు నాకుటకు వచ్చినవి కుక్కలే. అయినను ఒక కనాను స్త్రీ బల్ల క్రింది కుక్కపిల్లల మాటనే పట్టుకొని ప్రభువు ఎదుట నిలిచి, తాను కోరినది పొంది వెళ్లినది. ఆ చోట గ్రీకు భాషలోనున్న మాట వీధికుక్కను గాక చిన్న కుక్కను సూచించునని వేదాంత పాఠశాలలో మాకు నేర్పిరి. కాబట్టి బల్ల క్రింద చిన్నవాటికి చోటు కలదు. అయితే అక్కడ ముందుగానే ఒక పెద్ద కుక్క పండుకొని యున్నయెడల, అది ఆ చిన్నదానిని ఎట్లు చేర్చుకొనును? ఈ ప్రశ్న మాకు పుస్తకములో గాక మా వాకిట ఎదురయ్యెను.

మా యింట ఆరేండ్ల కుక్క యొకటి యున్నది. మోకాలికి పైయెత్తు, మెడ దూలమువలె నుండును. నల్లమల అంచున చిరుతపులి భయముగల పల్లెలలో మందలను కాచిన కుక్కల సంతతి. పిల్లలు దానికి సమ్సోను అని పేరు పెట్టిరి. అది వచ్చిన నాటినుండి మా కోళ్లు పోలేదు, గుడి గంట తాడు పోలేదు. రాత్రివేళ ఎవరైన ప్రార్థనకు పిలువ వచ్చినను, మేము లేచి పేరు పెట్టి పిలుచువరకు అది వారిని గడప దాటనియ్యదు.

గత వేసవిలో జొన్నకోతలు ముగిసిన పిమ్మట, కుందూ ఏటి అవతలి చేలలో ఎప్పటివలెనే గొర్రెల మందలు దిగినవి. ఎరువు కొరకు రైతులు రాత్రులు తమ చేలలో మందను నిలుపుకొని, కాపరులకు గింజలిచ్చుట మన సీమలో పాత వాడుక. ఆ మందలోని కుక్క ఒకటి ఈనినది. మా పిల్లలు ఆ కాపరిని బ్రతిమాలి ఒక పిల్లను తెచ్చుకొనిరి. రెండు అరచేతులలో ఇమిడిపోవునంతది. దానికి ఆవగింజ అని పేరు.

సహోదరులారా, ఇక్కడ మా తప్పు చెప్పుకొనవలెను. మేము సాయంకాలము పొరుగూరి ప్రార్థన ముగించుకొని అలసి వచ్చితిమి. సమ్సోనుకు అప్పుడే మూకుటిలో సంగటి ముద్ద పెట్టియుండిరి. రెండును ఒక్క మూకుటిలో తినిన యెడల స్నేహము కుదురునని మేము తలంచి, పిల్లను తీసికొనిపోయి ఆ మూకుటి ప్రక్కనే దించితిమి. సమ్సోను తినుట మానెను. కదలక బిగుసుకొని నిలిచెను. వీపు మీద వెండ్రుకలు లేచినవి. గొంతులో సన్నగా గుర్రుమనెను. మాకు కోపము వచ్చి, పాదరక్ష తీసి దాని వీపున కొట్టి, "సిగ్గులేదా? చిన్నదాని మీదనా నీ బలము?" అంటిమి. అది నోరు మూసెను. ఆవగింజ పాపము ఏమియు తెలియక ముద్దకు నోరు పెట్టెను. రెప్పపాటులో పెద్దది మరల గుర్రుమనకయే ఒక్క కాటు వేసెను. పిల్ల చెవి చీలినది. అది కేకలు వేయుచు కట్టెల కుప్పలో దూరి, రాత్రి రెండు జాములవరకు వెలుపలికి రాలేదు. సమ్సోనును వేపచెట్టుకు కట్టివేసి, ఇది చెడ్డ కుక్క అని అందరితో చెప్పితిమి.

మరునాడు కాపరి పెద్దాయన పిల్లను చూడవచ్చెను. ఆయన మన సంఘస్థుడు కాడు, అక్షరము రాదు. జరిగినది విని, ఆయన చీలిన చెవిని చూడకముందు మా పాదరక్షలవైపు చూచెను.

"కొడితిరా సామీ? యాల కొడితిరి? అది గుర్రుమంటే మాట్లాడినట్ల. దూరం పో, ఇది నా ముద్ద అని చెప్పింది. ఆ మాట నోట్లోనే నొక్కేస్తిరి. ఇంగ మాట్లాడకుండానే కరుచ్చాది."

"చిన్నదానిమీద దానికి జాలి యుండవద్దా?" అని మేమడిగితిమి.

"జాలి తర్వాత సంగతి. కొత్తదాన్ని తెచ్చేటప్పుడు పాతదానికి చెప్పల్ల గదా. చెప్పకుండానే తెస్తిరి."

కుక్కకు ఎట్లు చెప్పుదుమని మేము నవ్వితిమి. ఆయన నవ్వలేదు. "ముక్కుతో చెప్పల్ల" అనెను.

ఆ పెద్దాయన చెప్పినట్టు చేసితిమి. మొదట పిల్ల పండుకొనిన గోనెసంచిని తెచ్చి సమ్సోను చోటున వేసి, సమ్సోను పండుకొను సంచిని పిల్లకు వేసితిమి. రెండు రోజులు ఒకదానినొకటి చూడనియ్యక, వాసన మాత్రమే తెలియనిచ్చితిమి. తరువాత పిల్లను పంచలో కోళ్ళగంప క్రింద ఉంచి, గంపమీద రాయి పెట్టి, పెద్దదానిని విప్పితిమి. అది వచ్చి గంప చుట్టు తిరిగి, వెదురు సందులలో ముక్కు పెట్టి చూచెను. పిల్ల లోపలనుండి ఆ ముక్కును నాకినది. పెద్దది తుమ్మి వెళ్లిపోయెను. మరుసటి దినము గంప ప్రక్కనే కడప బండమీద చల్లగా నుండునని పండుకొనెను.

మేము పిల్లను ఎత్తుకొని చూపుదుమంటిమి గాని పెద్దాయన వలదనెను. మనిషి చేతిలో ఎత్తుగా కనబడినదానిని అందుకొనుటకు పెద్ద కుక్క మీదికి ఎగురును. ఎత్తుకొనినవాడు కూడ గాయపడును. మొదటిసారి గంప తీసినది కూడ మా వాకిట కాదు. వాకిలి సమ్సోను రాజ్యము. ఊరి వెలుపల, ఏ కుక్కదియు గాని బీడులో, ఒకరు పెద్దదానిని పలుపు వదులుగా పట్టుకొని, మరియొకరు చిన్నదానిని నడిపించుచు, కొంతదూరము ఒకే దిక్కుగా నడచితిమి. ఎదురెదురుగా నిలుపుట పోట్లాటకు పిలిచినట్లట. ప్రక్కప్రక్కన నడచుట మందలో చేరినట్లట. తోక నిటారుగా బిగిసినను, చూపు కదలక నిలిచినను దూరముగా తీసికొనిపోవలెను. ముందుకాళ్లు నేలకు వంచి వెనుక భాగము పైకెత్తెనా, అది ఆటకు పిలుపు. సమ్సోను ఆరేండ్లలో అట్లు వంగుట మేము చూడలేదు. ఎనిమిదవ దినమున వంగెను.

ముద్ద మాత్రము ఇప్పటికిని వేరుగానే పెట్టుచున్నాము, అది కూడ ముందు పెద్దదానికి. పిల్లలకు ఇది న్యాయముగా తోచలేదు, చిన్నదానికి ఆకలి ఎక్కువ గదా అనిరి. కాని ముందు తినుచున్నది వెనుకకు నెట్టబడలేదని తెలిసినగాని పెద్దదాని గొంతు చల్లబడదు. మేము ఇంట లేనప్పుడు రెంటిని విడిగా నుంచితిమి. ఒక నెల గడచు వరకు ఈ కట్టడ తప్పలేదు. బరువైన పెద్ద కుక్క ఆటకే కాలు వేసినను అంత చిన్నదాని ఎముక విరుగవచ్చును. ఆ పోట్లాటలో చేయి పెట్టి చెవులు పట్టి లాగవలెనని ఎవరికైన తోచినయెడల, సామెతల గ్రంథము 26వ అధ్యాయము 17వ వచనము చూచుకొనుడి. ఆ పోలిక వ్రాసినవాడు కుక్కలను బాగుగా ఎరిగినవాడు.

మరియొక మాట. ఆవగింజను మేము తల్లినుండి త్వరగా తెచ్చితిమి, అది కూడ మా తప్పే. రెండు నెలలైనను తల్లితోను తోబుట్టువులతోను పెరిగిన పిల్ల, కాటు ఎంతవరకు ఆట, ఎక్కడనుండి బాధ అనునది వాటియొద్దనే నేర్చుకొనును. మూడు నెలల వయస్సున పశువుల ఆసుపత్రిలో పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా వేయించితిమి. పెద్దదానికి ఏటేట వేయించుచున్నాము. కుక్క కరచిన చోట పసరు, సున్నము, కారము పెట్టు వాడుక మన పల్లెలలో ఇంకను పోలేదు. అట్లు చేయకుడి. వెంటనే సబ్బుతో, ధారగా పోయు నీళ్లతో పదిహేను నిమిషములు కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. 1907లో కూనూరులో పాశ్చరు ఆసుపత్రి వెలసిన తొలి దినములలో మన దక్షిణదేశపువారు ఈ మందు కొరకు అంత దూరము కొండ ఎక్కవలసి వచ్చెను. నేడు అది సర్కారు ఆసుపత్రిలోనే దొరకుచున్నది. అశ్రద్ధ చేసి ప్రాణము పోగొట్టుకొనవలసిన పనిలేదు. ఆ వ్యాధి బయటపడిన తరువాత బ్రదుకుట అత్యంత అరుదు.

ఇక సంఘము సంగతి. ఆ వేసవిలోనే ప్రక్క పల్లెనుండి నాలుగు కుటుంబములు బాప్తిస్మము పొంది మన గుడికి వచ్చినవి. మేము సంతోషముతో ఒక ఆదివారము వారిని ముందు వరుసలో చాప మీద కూర్చుండబెట్టి, వారిలో ఒక యౌవనునికి, "నేటినుండి గంట నీవు కొట్టుము" అని అందరి యెదుట చెప్పితిమి. ఆ గంటను ముప్పది యేండ్లుగా కొట్టుచున్న పెద్దయ్య అక్కడనే కూర్చుండియుండెను. ఆరాధన ముగిసిన తరువాత ఆయన, "నన్నొక మాట అడిగితిరా అయ్యగారూ?" అనెను. మేము, "ప్రభువు ఇంటిలో నాది నీది అని యుండవచ్చునా?" అని పదిమంది వినునట్లు గద్దించితిమి. ఆయన నోరు మూసికొనెను. తరువాతి మూడు ఆదివారములు రాలేదు. క్రొత్తవారు కూడ ముందు వరుస విడిచి ద్వారము దగ్గర కూర్చుండసాగిరి.

కాపరి మాట వినిన రాత్రి మేము నిద్రపోలేదు. మేము రెండుచోట్ల ఒకే పాదరక్ష తీసితిమి.

అపొస్తలుల కార్యములలోని భాగము మరల చదివితిమి. సౌలు యెరూషలేమునకు వచ్చినప్పుడు శిష్యులు అతనికి భయపడిరి. ఆ భయము వట్టిది కాదు. వారి ఇండ్లలోనివారిని ఈడ్చుకొనిపోయి చెరలో వేయించినవాడు అతడే. బర్నబా వారి అవిశ్వాసమును గద్దించినట్లు లూకా వ్రాయలేదు. అతడు సౌలును వెంటబెట్టుకొని అపొస్తలులయొద్దకు పోయి, దారిలో ప్రభువు కనబడిన విధమును, దమస్కులో సౌలు ధైర్యముగా బోధించిన విధమును వారికి వివరించెను. క్రొత్తవానిని చేర్చుటలో బర్నబా పడిన శ్రమయంతయు పాతవారి చెవిలో పడినది. తప్పిపోయిన కుమారుని తండ్రియు అట్లే చేసెను. చిన్నవాని కొరకు పరుగెత్తిన ఆ తండ్రి, పెద్దవాడు వెలుపల నిలిచి గొణుగుచున్నప్పుడు విందు విడిచి తానే బయటికి వచ్చెను. పెద్దవాని ఫిర్యాదును సాంతము విని, తనకున్నదంతయు వానిదేయని ముందు చెప్పి, తరువాతనే తమ్ముని మాట ఎత్తెను. మేమైతే ముద్ద మూకుడు లాగివైచి, తమ్ముని ప్రేమించుమంటిమి.

ఇది మన సీమకు క్రొత్త సంగతి కాదు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరువు తరువాత, కర్నూలు, కడప సీమలలో పల్లెలకు పల్లెలు సువార్త వినవచ్చినవి. వీరు కూటి కొరకు వచ్చుచున్నారని అప్పుడు సణిగినవారు లేకపోలేదు. నల్లమలకు తూర్పున ఒంగోలులో క్లౌ దొరగారు కరువు పనిగా బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు త్రవ్వించుచు, ఆ కాలమంతయు బాప్తిస్మములు నిలిపివేసెను. తిండి కొరకు ఎవరును రాకూడదని ఆయన జాగ్రత్త. తరువాత 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమియ్యబడెను. నేడు ముందు వరుసలో కూర్చున్న మనలో అనేకుల తాతముత్తాతలు ఒకప్పుడు అట్లు గుంపుగా వచ్చినవారే. వారి వాసనకు అలవాటు పడినవారెవరో ఉండబట్టి మనము ఇక్కడ నున్నాము.

మేము పెద్దయ్య యింటికి పోయి, పంచలో క్రింద కూర్చుండి, మా తప్పును ఒప్పుకొంటిమి. ఆయన చాలసేపు మాటాడలేదు. పిమ్మట గంట సంగతి విడిచి, భార్య చనిపోయిన నాటినుండి ఆదివారము తెల్లవారుజామున ఆ తాడు పట్టుకొనుటకే తాను లేచుచున్నానని చెప్పెను. మాకు అది తెలియదు. పదునాలుగేండ్లుగా ఆ ఊరి కాపరులమై యుండియు తెలియదు. గంట నీదే పెద్దయ్యా, నీవు చెప్పువరకు నీదే, అని చెప్పి వచ్చితిమి. క్రొత్త కుటుంబముల మాట ఆ దినము ఎత్తలేదు. తరువాత రెండు వారములకు, ఆ పల్లెవారు చేయు కూటపు ప్రార్థనకు మాతోకూడ నడచి రమ్మని మాత్రము అడిగితిమి. మూడు మైళ్లు. దారిలో ఆయనయు ఆ యౌవనుడును ప్రక్కప్రక్కన నడచిరి, శనగపంటను గూర్చి మాటాడుకొనిరి.

మొన్న శనివారము సాయంకాలము మేము పంచలో కూర్చుండి ప్రసంగము సిద్ధపరచుకొనుచుంటిమి. గుడి దగ్గర పెద్దయ్య గొంతు వినబడెను.

"తాడు చేతికి చుట్టుకోవద్దురా నాయనా. గంట మీదికి లేసినప్పుడు చెయ్యి కోసుకపోతాది. ఇట్ల పట్టుకో."

మా గుమ్మము దగ్గర సమ్సోను పండుకొనియుండెను. ఆవగింజ దాని చెవి కొరుకుచుండెను. కొంతసేపు ఓర్చి, పెద్దది గొంతులో సన్నగా గుర్రుమనెను. చిన్నది చెవి విడిచి, జానెడు దూరము జరిగి కూర్చుండెను. మేము పాదరక్షలు కాళ్లనే ఉంచుకొని, కూర్చున్న చోటనుండి లేవలేదు.