కాపలా ఉంది, యజమాని ఎక్కడ?

పెద్దవూర పక్కన నాగార్జునసాగర్ నిండినప్పుడు ఇక్ష్వాకుల నాటి బౌద్ధ విహారాల లోయ మునిగిపోయింది. ఆ నీరే ఎడమ కాలువ మీదుగా మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ వరి మళ్లకు పారుతుంది. ఆ మళ్లలో పాము పొడ తెగులు తెచ్చే రైజోక్టోనియా శిలీంధ్రాన్ని శాస్త్రజ్ఞులు వర్గాలుగా విడదీసిన తీరు గమనించదగ్గది. రెండు నమూనాలను పక్కపక్కనే పెంచి, వాటి పోగులు అతుక్కుంటాయో లేదో చూశారు; అతుక్కుంటే ఒకే వర్గం. ఇప్పుడు డీఎన్ఏ చదివి చెప్పినా, పోల్చడానికి మరొకటి ఉండాల్సిందే. తనకు తానుగా స్వభావం లేనప్పుడు పరాయితనమూ ఉండదని మూలమధ్యమక కారికలో, ఆ సాగర్ పేరులో నిలిచిన ఆచార్య నాగార్జునుడు వాదించాడు. ఆ వాదానికి శిలీంధ్రాలు మంచి దృష్టాంతం.

శిలీంధ్రాల్లో తన-పరాయి తేడా ఎలా పనిచేస్తుందన్న సంగతి ఎక్కువగా తేలింది చెస్ట్‌నట్ చెట్లను ఎండబెట్టే క్రిఫోనెక్ట్రియా శిలీంధ్రంలో. దానిలో ఆరు జన్యుస్థానాలను గుర్తించారు. వాటిలో తేడా ఉంటే పోగులు కలిసిన చోట కణాలు చచ్చిపోతాయి, ఒకదాని నుంచి మరొకదానికి వైరస్ దాటడం కష్టమవుతుంది. ఐరోపాలో ఈ తేడాల వల్ల ఏర్పడే రకాలు తక్కువ కనుక శిలీంధ్రాన్ని నీరసపరిచే వైరస్ బాగా పాకింది, చాలా చోట్ల చెట్లు కోలుకున్నాయి. రకాలు ఎక్కువైన అమెరికాలో అంతగా పాకలేదు. అంటే ఒక రకానికి దక్కే రక్షణ దానిలో లేదు, చుట్టూ ఎన్ని రకాలున్నాయన్న దానిలో ఉంది. పైగా ఆరింటిలో ఒక స్థానంలోని తేడా వైరస్‌ను ఆపనే ఆపదు. కొన్ని జంటల్లో ఇటు నుంచి అటు సులువుగా పోయే వైరస్ అటు నుంచి ఇటు రావడం అరుదు. పోగులు కలపని రెండు కూడా లైంగికంగా జతకట్టి సంతానాన్ని ఇవ్వగలవు.

జన్యువులే స్వభావం కదా అని అడగవచ్చు. కానీ ఒక జన్యురూపం ఒంటరిగా మిత్రుడినీ శత్రువునూ చెప్పదు. వేరే రూపం ఎదురైనప్పుడే దాని ఫలితం పుడుతుంది. అలాగైతే భేదమంతా భ్రమేనా? కాదు, కణం నిజంగానే చస్తుంది, వైరస్ నిజంగానే ఆగుతుంది. వ్యవహార సత్యాన్ని నాగార్జునుడూ కొట్టిపారేయలేదు. ఇచ్ఛ, ద్వేషం, జ్ఞానం ఆత్మకు గుర్తులనే నైయాయికుడు (న్యాయదర్శనాన్ని అనుసరించేవాడు) మాత్రం, అవేవీ లేని బూజు ఆత్మ గురించి ఏం చెబుతుందని నిలదీస్తాడు. ఆ అభ్యంతరంలో బలముంది. ఎరుక సంగతి బూజు తేల్చలేదు. అయితే తనను పరాయి నుంచి కాపాడుకుంటున్నది కనుక లోపల శాశ్వతమైన 'నేను' ఉండి తీరాలనే తర్కం మాత్రం ఇక నిలవదు.