వకీలుతో చెప్పని మాట

వైద్యునియొద్దను వకీలునొద్దను దాపరికము పనికిరాదని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ మాటలో మొదటి సగమును మనము పాటింతుము. కడుపునొప్పి వచ్చినవాడు తానేమి తినెనో వైద్యునికి చెప్పును. దాచినచో బాధ తనదే యని యెఱుగును. రెండవ సగమునకు వచ్చునప్పటికి మన నడవడి వేఱు. వకీలు గదిలో కూర్చున్న గృహస్థు తన కథ నంతయు చెప్పుచున్నట్లే యుండును గాని, అందు తనకు ప్రతికూలమైన యొక కాగితమో, యొక తేదీయో, యొక మాటయో యెక్కడనో జారిపోవును. అది మఱపు కాదు. ఆ కాగితము ఇంటిలో నే పెట్టెలో నున్నదో యాతనికి చక్కగా తెలియును.

ఏల దాచును? వకీలు తన్ను గూర్చి తక్కువగా తలంచునేమో యను సిగ్గుచే కొందఱు దాతురు. ఆ సిగ్గు క్షమింపదగినదే. పెక్కుమంది దాచుటకు కారణము వేఱు. వకీలునకు నిజము తెలిసినచో అబద్ధమును వ్రాయుటకు వెనుదీయును. తెలియనిచో నిర్మలమైన మనస్సుతో వాదించును. పాప మాతని కంటదు, మన కంటదు, కార్యము మాత్రము నెఱవేఱును. ఇదియే లోపలి లెక్క. అబద్ధమును ఇద్దఱి నడుమ నిట్లు పంచినచో అది యెవ్వరిదియు గాకుండ పోవునని మన యాశ. మర్యాదస్థులలో నీ యాశ యెంత సామాన్యమో నేను పరుల కథలవలన తెలిసికొనలేదు.

నేను బడిపంతులను. సంస్కృతము కొంత, ఇంగ్లీషు కొంత చదివి, ఆ రెండింటిని పిల్లలకు చెప్పి జీవించువాడను. మా తల్లిగారు ముందే పోయిరి. తండ్రిగారు 2019లో పోయిరి. తాతలనాటి మాగాణి నాలుగెకరములు మిగిలినది. మేము ముగ్గురము: అన్నగారు, నేను, చెల్లెలు. 1998లో చెల్లెలి పెండ్లినాడు నాన్నగారు పదుగురి యెదుట నొక యెకరము పసుపుకుంకుమల క్రింద నిచ్చితిననిరి. కాగితము వ్రాయలేదు. భూమిని దానమిచ్చుటకు రిజిస్టరైన దస్తావేజు కావలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నదని నాడు మాలో నెవ్వరికిని తోచలేదు. ఆడపిల్లకిచ్చిన మాటకు స్టాంపు కాగిత మేమిటి యనుకొంటిమి. ఆ యెకరము కౌలు ఏటేట చెల్లెలికే ముట్టుచుండెను. పాసుపుస్తకములో మాత్రము నాన్నగారి పేరే యుండెను.

ఆయన పోయిన మఱుసటి యేడు ఆ పొలము ప్రక్కగా పెద్ద బాట వచ్చునని తెలిసెను. ధర పెరిగెను. తన యెకరమును తన పేరునకు మార్చుడని చెల్లెలు అడిగెను. "కాగితమేది?" అని అన్నగారు అనిరి. నేనేమియు ననలేదు. ఆ యనకపోవుట నా తప్పులలో మొదటిది.

మేమిద్దఱము జిల్లా కేంద్రమునందలి యొక వకీలుగారి యొద్దకు పోతిమి. గది నిండ జనము, గోడ నిండ పుస్తకములు. అన్నగారు సగము చెప్పునప్పటికే ఆయనకు అంతయు బోధపడెను. "పెండ్లినాడు నగలూ నగదూ పుచ్చుకొని మీ చెల్లెలు భూమిలో వాటా వదులుకొన్నదనీ, మిగిలినవారి నడుమ నోటిమాటగా పంపకం జరిగిందనీ వ్రాద్దాం. చెప్పటానికి ఇద్దరు సాక్షులున్నారా?" అని యడిగిరి. జరిగినదా యని యడుగలేదు. జరిగినదని చెప్పువారున్నారా యని యడిగిరి. గెలుపు తథ్యమనిరి. ఫీజు ఇప్పుడు కొంచెము, గెలిచిన పిదప పొలము వెలలో నింత వంతు అనిరి. మెట్లు దిగుచు అన్నగారు మిక్కిలి సంతోషించిరి. నాకును సంతోషముగానే యుండెను, దాచుటయేల? మనము వినగోరిన మాటను నల్లకోటు తొడిగిన మనుష్యుడు పలికినచో అది శాస్త్రవాక్యమువలె చెవి కింపగును.

గెలుపులో వంతు నడుగుట వకీలునకు నిషిద్ధము. వ్యాజ్యఫలమును బట్టి ఫీజు కుదుర్చుకొనరాదనియు, దానివలన వచ్చు సొమ్ములో పాలు గొనరాదనియు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమములలో స్పష్టముగా నున్నది. మనుష్యులను పంపి పని వెదకికొనుటయు నిషిద్ధమే. కోర్టు ఆవరణలో మన చేయి పట్టుకొని "మంచి వకీలున్నాడు, రండి" యను దలారి వెంట నడచువాడు నియమము మీఱినవాని గదికే నడచుచున్నాడు. కన్యాశుల్కమున అగ్నిహోత్రావధానులకు వ్యాజ్యమొక వ్యసనము. అట్టి వ్యసనపరులను నమ్ముకొని బ్రదుకు రామప్పపంతుళ్లు గురజాడవారి కాలముతో నంతరింపలేదు. అదే నాటకమున సౌజన్యారావు పంతులను వకీలును గలడు. ఎవరి మాట విని యెవరి గుమ్మమెక్కవలెనో నిర్ణయించుకొనువాడు కక్షిదారుడే.

ఆ వంతు అన్నగారికి ఎక్కువనిపించెను. కావున మఱియొకరిని చూతమనిరి. ధర్మబుద్ధిచే గాదు, బేరముచే. మా యూరికి చేరువ పట్టణమున నొక వృద్ధ న్యాయవాది కలరు. ఆయన మొదట నడిగిన ప్రశ్న వేఱు. "ఆ యెకరం కౌలు ఎవరికి ముడుతోంది?" అన్నగారు నావైపు చూచిరి. "చెల్లెలికేనండీ" అంటిని. "ఆమె తన వాటా వదులుకొన్న మాట జరిగిందా?" "జరిగిందనే చెప్పుకోవచ్చునండీ" అని అన్నగారు. "చెప్పుకోవటం కాదు. జరిగిందా?" గదిలో పంకా చప్పుడు తప్ప మఱేమియు లేదు. ఆయన కొంతసేపాగి, "మీ తండ్రిగారు దీన్ని గురించి ఎప్పుడైనా ఏమైనా వ్రాశారా?" అని యడిగిరి. "లేదండీ" అని అన్నగారు పలికిరి.

2009లో నేను దూరపు బడిలో నున్నప్పుడు నాన్నగారు నాకు వ్రాసిన యుత్తరమొకటి నా పెట్టెలో నున్నది. కాలువనీరు రాని యేడది. అమ్మాయి యెకరము కాలువకు దగ్గఱగా నుండుటచే దక్కినదనియు, మన మూడెకరములును ఎండినవనియు అందు వ్రాసిరి. ఆ యుత్తరమును నేనే అన్నగారికి చదివి వినిపించితిని. "లేదండీ" యను మాట నా చెవిని బడినప్పుడు నేను గోడమీది పంచాంగమును చూచుచుంటిని. పిల్లవాడు లెక్క తప్పు చెప్పిన నూరుకొనని నేను నాడు ఊరుకొంటిని.

ఆయన మాత్రము ఊరుకొనక చట్టమును విడమఱచి చెప్పిరి. మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5 నాటికి పెండ్లికాని కూతుండ్రకు, తాతలనాటి యాస్తిలో కొడుకులతో సమానమైన హక్కు 1986లో చేసిన చట్టముచేతనే సంక్రమించినది. 2005లో నది దేశమంతటికిని వ్యాపించినది. నోటిమాట పంపకములను తేలికగా నమ్మరాదని 2020లో సుప్రీంకోర్టు హెచ్చరించినది. "నాలుగెకరాల్లో మూడో వంతు, అంటే ఎకరం 33 సెంట్లు, చట్టప్రకారం మీ చెల్లెలిది. ఆమె అడుగుతున్నది ఎకరమే. మీరు దావా వేస్తే, ఆమె అడగనిది కూడా ఆమె వకీలు అడిగిస్తాడు" అనిరి. అంతటితో నాగక, స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా న్యాయసహాయము లభించు చట్టము 1987లోనే చేయబడినదనియు, లోక్ అదాలత్తులో రాజీపడినచో ఆ నిర్ణయముపై అప్పీలు లేదనియు చెప్పిరి.

బయటికి వచ్చి అన్నగారు "ఈయన చెల్లెలి వకీలులా ఉన్నాడు" అనిరి. ఆ మాట నేటికిని నన్ను విడువలేదు. మన క్షేమము కోరి మనకు రుచింపని మాట చెప్పువాడు శత్రుపక్షమువాడుగా తోచుట యెంత సులభము!

ఇచటనే మన లెక్కలోని తప్పు బయటపడును. దావాపత్రము నెత్తిచూడుడు. దానిని వ్రాయువాడు వకీలు. అయినను తుదిని, పై సంగతులు నిజమని ధ్రువపఱచి చేవ్రాలు చేయువాడు కక్షిదారుడు. 2002 నుండి దానికి తోడుగా ప్రమాణపత్రము గూడ నీయవలెను. వకాలతునామాచే మన పక్షమున మాటాడు నధికారము నిత్తుము గాని మన సత్యమునకు మాఱుపూచీని పొందము. తెల్లకాగితములపై చేవ్రాలు చేసి "అంతా మీదే భారం" అని నమస్కరించి వచ్చు పెద్దమనుష్యులు మన యూళ్లలో నెందఱో! వారు వినయమనుకొన్నది నిజమునకు పరారి.

2024 మే నెలలో సుప్రీంకోర్టు, వకీలు సేవలు వినియోగదారుల చట్టము క్రిందికి రావని తీర్పు చెప్పినది. పలువురు గృహస్థులు అది వకీళ్లకు పక్షపాతమని చికాకుపడిరి. చూపిన కారణములలో నొకటి మాత్రము మనము తలవంచుకొని చదువదగినది: వకీలు పనిచేయు తీరుపై కక్షిదారునకు స్వయముగా నధికారము గలదనుట. కక్షిదారు అనుమతి లేక వకీలు అతని హక్కును వదలుకొనరాదని 2015 తీర్పులోనే యున్నది. అధికారము మనది యైనప్పుడు, మన పేర పలుకబడిన యబద్ధము మాత్రము వకీలుదెట్లగును? వకీలు తప్పుచేసినచో నడుగువారు లేరనుట గాదు. 1961 నాటి న్యాయవాదుల చట్టము ప్రకారము రాష్ట్ర బార్ కౌన్సిలునకు ఫిర్యాదు చేయవచ్చును. ఆ ఫిర్యాదు వ్రాయునపుడైనను, మనమాతనికి నిజము చెప్పితిమా యను ప్రశ్న వెనుకనే యుండును.

గాంధీగారు దక్షిణాఫ్రికాలో వకీలుగా నున్న కాలమున పార్సీ రుస్తుంజీ యను వర్తకు డాయనకు కక్షిదారుడును ఆప్తమిత్రుడును. తన వ్యవహారములన్నియు చెప్పుచుండెడివాడే సుంకమెగవేసి సరకు తెచ్చుచున్న సంగతి నొక్కదానిని దాచెను. పట్టుబడిన పిదప కన్నీటితో వచ్చి చెప్పుకొనెను. గాంధీగారు వాదన వెదకలేదు. అధికారులయొద్ద నేరమొప్పుకొనుమనిరి, చెఱసాలకు పోవలసివచ్చినను సిగ్గు చెఱలో లేదు, చేసిన పనిలో నున్నదనిరి. ఎగవేసితినని యొప్పుకొన్న సొమ్మునకు రెండింతలు కట్టుటతో వ్యవహారము ముగిసెను. రుస్తుంజీ ఆ వృత్తాంతము నంతయు వ్రాయించి, పటము గట్టించి, తన కార్యాలయమున వ్రేలాడదీసెను. అంత స్నేహములో సయితము దాగిన దా యొక్కటే. దాచుట అపనమ్మకముచే గాదు. ఈ మనుష్యుడు విన్నచో నిక తాను మానవలసివచ్చునను భయముచే.

చట్టము ఈ భయమును కొంత యెఱుగును. కక్షిదారు చెప్పిన మాటను వకీలు బయట పెట్టరాదని 1872 నాటి సాక్ష్యచట్టములో నుండెను. దాని స్థానమున 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోను ఉన్నది. చట్టవిరుద్ధమైన పని నెఱవేర్చుకొనుటకై చెప్పిన మాటకు మాత్రము ఆ రక్షణ లేదు. చేసిన తప్పును చెప్పుకొనుటకు తలుపు మూసి చోటిచ్చును. చేయబోవు తప్పునకు ఆ తలుపు మూయదు. ఇంత చక్కని భేదమును ధర్మశాస్త్రములు చదివిన నేను వకీలు గదిలో నేర్చుకొంటిని.

రెండు రాత్రులు నిద్రపట్టక, మూడవనాడు ఉత్తరము తీసికొని యొంటరిగా ఆ వృద్ధునియొద్దకు పోతిని. ఆయన చదివి, మడతలు చెడకుండ మడిచి, "ఇది మొన్ననే కావలసింది, మాస్టారూ. ఇటువంటిదే ఇంకొకటి మీ చెల్లెలిదగ్గర లేదని మీకు తెలుసా?" అనిరి. నే నా యాలోచనయే చేసియుండలేదు. "ఇది చూచాక ఆ పంపకం మాట నేను వ్రాయను. మీ అన్నగారితో ఈ సంగతి మీరే చెప్పండి, నేను చెప్పను. ఆయన మరొకరి దగ్గరికి పోదలిస్తే కాగితాలన్నీ ఇచ్చేస్తాను" అనిరి. అట్లే యిచ్చిరి. ఫీజు బాకీకై కక్షిదారు కాగితములను పట్టియుంచరాదని 2000 సంవత్సరమున సుప్రీంకోర్టు చెప్పినది. ఆయనకు తీర్పు అక్కఱలేకపోయెను.

అన్నగారు నా మాట విని, "నీ బోధలు బడిలో చెప్పుకో" అని మొదటి వకీలునొద్దకే పోయిరి. 2021లో దావా పడెను. అందు నేను మొదటి ప్రతివాదిని, చెల్లెలు రెండవ ప్రతివాది. నగలు, నగదు, నోటిమాట పంపకము, ఇద్దఱు సాక్షులు, అన్నియు నున్నవి. తుదిని అన్నగారి చేవ్రాలు, బడిలో మాస్టరుచే మెప్పుపొందిన ఆ గుండ్రని యక్షరములలోనే యున్నది.

ఆ వృద్ధుడు నా పక్షమున నిలువనొల్లకపోయిరి. ఒకరికి సలహా చెప్పినవాడు అదే వ్యాజ్యమున నెదుటివానికై నిలువరాదని నియమము. కావున నేను మరల వకీలును వెదకికొనవలసివచ్చెను. ఈసారి పేరును గాని గదిని గాని చూడలేదు. ఒక యువతి, ఆ కోర్టులో వకీలు, ఫీజు ఇంతయని మొదటనే కాగితముపై వ్రాసి చూపి, పుచ్చుకొన్నదానికి రసీదు నిచ్చినది. కూర్చుండగనే నేను ఉత్తరమును బల్లపై నుంచితిని. కథ తరువాత చెప్పితిని. ఆమె రెండుమాఱులు చదివి, "ఇది దాఖలు చేస్తే మీ వాటా కూడా తగ్గుతుంది. తెలుసుగదా, మాస్టారూ?" అని యడిగినది. తెలియునంటిని. దానినే కాగితముపై వ్రాసి నాచేత చేవ్రాలు చేయించినది.

మొన్నటి వాయిదాకు ఉత్తరము దాఖలయ్యెను. అన్నగారు వరండాలో నన్ను దాటి పోయిరి. చెల్లెలు తెల్లవాఱుజామున బస్సెక్కి వచ్చినది. మధ్యాహ్నము కోర్టు లేచిన పిదప వేపచెట్టు క్రింద పులిహోర పొట్లము విప్పి, రెండు వంతులు చేసి, మూడవ విస్తరాకు కూడ పఱచి, "పెద్దన్నయ్య ఏమన్నా తిన్నాడా, చిన్నన్నయ్యా?" అని యడిగెను.