చివరి యింటి ఉత్తరము



మన సంఘపు యౌవనస్థుడొకడు ఇటీవల గ్రామీణ డాక్ సేవకుడుగా పనిలో చేరెను. మొదటి వారమందే శోధన వచ్చినది. వాగు ఆవలి పేటలోని యొక విధవరాలికి ఉత్తరము వచ్చెను. ఎండకు జడిసి, ఎవరైనను అందింతురులే అని అతడు దానిని టీకొట్టులో ఇచ్చిపోయెను. మూడు దినములైనను అది ఆమెకు చేరలేదు. ఆదివారము ఆరాధన పిమ్మట మాతో ఇది చెప్పి కన్నీరు విడిచెను. సోమవారము తానే దానిని తీసికొని వాగు దాటి, ఆమెను క్షమాపణ వేడి, చదువురాని ఆమెకు చదివి వినిపించెను. అది పింఛను కాగితము. గడువునకు ఒక్క దినమే మిగిలియుండెను.

చెరలోనున్న పౌలు ఎఫెసీయుల యొద్దకును కొలొస్సయుల యొద్దకును తుకికును పంపెను. తన క్షేమసమాచారము తెలిపి వారి హృదయములను ఆదరించుటయు అతనికే అప్పగించెను. అతడు దారిలోని సత్రమున పత్రికలను విడిచిపోయిన యెడల మన చేతికేమి వచ్చియుండును?

2025లో రిజిస్టరు తపాలా స్పీడుపోస్టులో కలిసిపోయినది. తపాలా పద్ధతులు మారును. మోయువాని నమ్మకత్వము మారరాదు. ఉత్తరము మోయువానిది కాదు, పేరు వ్రాయబడిన వానిది.

సువార్తయు అట్టిదే. అది మనయొద్ద నిలుచుటకు ఇయ్యబడలేదు. మనము దగ్గరి యిండ్లకే వెళ్లి, వాగు ఆవలి వారిని మరచితిమా? ఈ నెల ఆ చివరి యింటి తలుపు తట్టుదము. ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.