పొలం తెలిసినవాడు

ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదో అధ్యాయంలో ఒక పోలిక వస్తుంది. నేలలో బంగారు నిధి పాతిపెట్టి ఉంటుంది. ఆ పొలం సంగతి తెలియనివాళ్లు రోజూ దాని మీదుగానే నడుస్తూ ఉంటారు, నిధి మాత్రం అందదు. జీవులన్నీ అలాగే రోజూ బ్రహ్మలోకందాకా వెళ్లి, ఎరగకుండానే తిరిగొస్తాయట.

నేను ఇంగ్లండులో, సఫక్‌లో ఉంటాను. సెలవు దొరికితే రైతుని అడిగి, మెటల్ డిటెక్టర్ పట్టుకుని ఆయన బీళ్లలో తిరుగుతాను. ఈ యంత్రం చేతికొచ్చాక కూడా పొలం తెలియనివాడంటూ ఎవరైనా మిగిలి ఉంటాడా అన్నది నాకు తెగని ప్రశ్న.

యంత్రానికి తెలిసేది లోహం ఒక్కటే. కింది కాయిల్ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. అక్కడ లోహముంటే అందులో విద్యుత్ ప్రవాహాలు పుట్టి వాటి జాడ పైకి వస్తుంది. ఇప్పటి ఖరీదైన రకాలు ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలతో పనిచేస్తాయి. ఇనుముకు ఒక మోత, వెండికి ఒక మోత, తెరమీద ఒక అంకె. అయినా కూల్‌డ్రింక్ డబ్బా రింగుకీ, బంగారు ఉంగరానికీ ఒకే అంకె చూపించడం మామూలే. మోకాళ్లమీద కూర్చుని, పచ్చిక పెళ్లని మూడువైపులా కోసి తిరగేసి, మట్టిని వేళ్లతో చిదిపితే గాని అదేమిటో తేలదు. తేలాక దాన్ని ఏం చెయ్యాలన్నది యంత్రం చెప్పే విషయం కాదు.

మా జిల్లాలోనే హాక్సన్ అనే ఊరుంది. 1992 నవంబరులో ఒక రైతు పొలంలో సుత్తి పారేసుకున్నాడు. అది వెతికిపెట్టడానికి ఎరిక్ లాస్ అనే రిటైరైన తోటమాలి డిటెక్టర్‌తో వెళ్లాడు. రోమను కాలపు బంగారం, వెండి బయటపడ్డాయి. కొంత తీశాక ఆయన తవ్వడం ఆపేసి కబురుపెట్టాడు. నాకు ఆ నిధికన్నా ఈ ఆగడమే గొప్పగా కనిపిస్తుంది. చేతికందే దూరంలో బంగారం ఉండగా చెయ్యి వెనక్కి తీసుకోవడం చిన్న నిగ్రహమా? మర్నాడే పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి తవ్వారు. నాణేలే 14,865. అంతకుమించి, అవి ఎలా సర్ది ఉన్నాయో తెలిసింది: ఓక్ చెక్క పెట్టె, లోపల చిన్న పెట్టెలు, ఉన్ని గుడ్డలో చుట్టిన సామాను. ఒక బంగారు కంకణం మీద జూలియానా అనే ఆమె పేరుంది. క్రీ.శ. 407 తర్వాత, రోమను పాలన చెదిరిపోతున్న రోజుల్లో, ఎవరో మళ్లీ వచ్చి తీసుకుందామనుకునే పాతిపెట్టారు. సుత్తి కూడా దొరికింది. అదీ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.

2015లో హెరెఫర్డ్‌షైర్‌లో దీనికి పూర్తిగా విరుద్ధంగా జరిగింది. వైకింగుల కాలపు నిధి దొరికితే ఇద్దరు చెప్పకుండా దాచి అమ్ముకున్నారు. సుమారు 300 నాణేలు ఉండి ఉంటాయని అంచనా. చేతికి చిక్కినవి ముప్పైకి కాస్త పైన. 2019లో వాళ్లకి జైలుశిక్ష పడింది.

ఉపనిషత్తు చెప్పిన నిధి హృదయంలో ఉంది. దాన్ని ఎవరు పొందినా ఇంకొకరి సొమ్ము తరగదు. పొలంలోది అలా కాదు. పాతిన మనిషికి తిరిగి ఇవ్వలేం. ఎలా సర్దారో, ఏ భయంతో దాచారో తెలుసుకోవడమే ఆ మనిషికి మనం తీర్చగల ఋణం. గబగబా పెకిలిస్తే అదీ తీరదు. ఇక్కడి చట్టం దొరికినవాడికీ భూస్వామికీ బహుమానం ఇప్పిస్తుంది. మన దేశంలోని 1878 నాటి చట్టమూ పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకి తెలియజెయ్యమంటుంది. నా లెక్కలో, చట్టం లేకపోయినా ఆ ఋణం ఉంటుంది.

మొన్న మా ఊరినుంచి బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, వచ్చేటప్పుడు ఆ మిషన్ ఒకటి పట్టుకురా. కొండకింద పాత శివాలయం దగ్గర ఏదో ఉందంటున్నారు." గుప్తనిధుల కోసం రాత్రిపూట నంది విగ్రహాలు పగలగొట్టిన వార్తలు చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. తేనని చెప్పి, హాక్సన్ కథంతా వినిపించాను. "పోనీ, ఆ గుడిలో శాసనం ఉందట, నువ్వు చదవగలవా?" అన్నాడు. సంక్రాంతికి వస్తాను, పట్టపగలు ఇద్దరం వెళ్లి ఫొటోలు తీసి పురావస్తు శాఖకి పంపుదామన్నాను. సరేనన్నాడు.